నీహారికకు పాలు మాన్పించడం

తిరువూరు,
జూన్ 20

చిరంజీవి వినీలకు, అత్తయ్య దీవించి రాస్తున్నది.

నువ్వు బస్సెక్కిన దగ్గర్నుంచి ఉత్తరం రాద్దామని కూర్చోవడం, నీహారిక నిద్ర లేవడం, కలం పక్కన పడేయడం, ఇదే నా పని. ఇప్పుడు మీ మావయ్య దాన్ని తీసుకుని మామిడి తోటకి వెళ్ళారు. కాపు అయిపోయింది, అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు. మనవరాలికి ట్రాక్టరు చూపిస్తానని బయల్దేరారు.

ఫోన్లుండగా ఈ ఉత్తరాలేంటని మీ ఆయన నవ్వుతున్నాడు. శశాంక్‌కేం తెలుసు. ఫోన్లో నీ గొంతు విన్న రోజున పిల్ల రెండు పూటలా అన్నం ముట్టలేదు. పోనీ మెసేజీలంటావా, ఆ అక్షరాలు నా కళ్ళకి ఆనవు. మీ మావయ్య చేతో శశాంక్ చేతో చదివించుకోవాలి. పాలు, రొమ్ములు అని మగవాళ్ళు చదువుతుంటే నేను కూర్చుని వినాలా? అందుకని నువ్వూ కాగితం మీదే రాయి. పెద్ద అక్షరాలు రాయి.

నీ చీరలూ, ఫోటోలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. కనిపించకపోతే మర్చిపోతుంది. మా ఇళ్ళల్లో పాలు మాన్పించడం ఎప్పుడూ ఇంతే, తల్లిని ఒక ఊళ్ళో, బిడ్డని ఒక ఊళ్ళో పెట్టేవాళ్ళు. నీకు వేపాకు పసరు రాసుకునే బాధ కూడా తప్పింది. ప్రభుత్వం వారే నీకు అటవీశాఖలో ఉద్యోగమిచ్చి, ట్రైనింగంటూ రాజమండ్రి పంపించారు. నవంబరులో తిరిగొచ్చేసరికి పిల్ల ఆ ఊసే ఎత్తదు చూడు.

నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. రెడ్డిగూడెంలో మా రాజ్యం వదిన గృహప్రవేశం నేను మర్చిపోలేను. మూడో ఏడు నడుస్తున్న పిల్ల చేతిలో బూరె పట్టుకుని వచ్చి, నిండు బంతిలో నీ ఒళ్ళోకెక్కి కొంగు లాగింది. లోపలి గదిలోకి పోతావనుకున్నాను. అక్కడే ఇచ్చావు. "ఏంటే సరోజినీ, పిల్ల బడికెళ్ళినా మీ కోడలు ఇంటర్వెల్లో వెళ్ళి ఇచ్చొస్తదా?" అంది వదిన. ఆడవాళ్ళు నవ్వారు, మగవాళ్ళు తలలు దించుకుని విస్తట్లోకి చూశారు. నువ్వేమో ఏమీ జరగనట్టు పిల్ల జుట్టు సవరిస్తూ కూర్చున్నావు. దానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పాలలో ఏముంది ఇంకా? అన్నం తింటోంది, గుడ్డు తింటోంది, మీ మావయ్య కంచంలో చేపముక్క కూడా తింటోంది. ఇప్పుడు తాగేది అలవాటే గాని ఆకలి కాదు. అలవాటన్నది మానితే పోతుంది. రెండ్రోజులు ఏడ్చింది, మూడో రోజు తగ్గింది. నువ్వు దిగులు పెట్టుకోకుండా ట్రైనింగు చూసుకో. ఊళ్ళో అందరికీ మా కోడలు ఫారెస్ట్‌లో ఆఫీసరని చెప్పుకుంటున్నాను.

మీ అత్తయ్య,
సరోజినీదేవి


రాజమండ్రి,
జూన్ 29

ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది. బ్యారక్‌లో ఉత్తరం వచ్చింది నాకొక్కదానికే. ఇక్కడ ఎవరికీ ఉత్తరాలు రావు కాబట్టి, ఏదో కోర్టు నోటీసనుకుని చుట్టూ మూగారు.

మీరు ఆఫీసరని చెప్పుకుంటున్నారు గాని, ఇక్కడ నేను చేసేది పొద్దున్నే పరుగెత్తడం, తర్వాత చెట్ల పేర్లు బట్టీ పట్టడం. మొదటి వారం పరుగు నరకంగా గడిచింది అత్తయ్యా. రొమ్ములు గట్టిపడిపోయి, అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోయేది. ఒకరోజు వరసలో నిలబడి ఉండగానే పాలు చేపుకొచ్చి ఖాకీ చొక్కా ముందంతా తడిసిపోయింది. వెనక నుంచి ఒకమ్మాయి "రెండేళ్ళు దాటిన పిల్ల అంది కదే, ఇంకా పాలేంటి?" అంది. ఇంకో అమ్మాయి "ఛీ" అంది. మీరు బంతిలో విన్న నవ్వే, ఖాకీ బట్టల్లో ఇక్కడా విన్నాను.

నా పక్క మంచం అమ్మాయి జాస్మిన్ మాత్రం తువ్వాలు తెచ్చి గట్టిగా చుట్టి కట్టింది. మన గంపలగూడెం అమ్మాయే. వాళ్ళమ్మ పత్తి తీతకి వెళ్ళేదట. "నేను పలక పట్టుకుని బడికి పోయే వయసులో కూడా చేను గట్టు మీదకి పరిగెత్తుకెళ్ళి తాగొచ్చేదాన్ని. ఆసామి పక్కనుంచే పోయేవాడు. ఎవరూ ఏం అన్లేదు. మీ పెద్దిళ్ళల్లోనే ఈ గోలంతా" అంది.

నాకు మీ మీద కోపం లేదు. ఒక్క సంగతి మాత్రం తేల్చి చెప్పాలి. రోజూ స్నానాల గదిలో పాలు పిండి పారబోస్తున్నాను, ఎండిపోకుండా ఉండాలని. నేను తిరిగి వచ్చాక పాప అడిగితే ఇస్తాను. అడగకపోతే బలవంతం చెయ్యను, మానేసిందని సంతోషిస్తాను. ఆ మానడం మాత్రం దానంతట అది మానాలి. నేను లేకుండా చూసి మాన్పించడం నాకు ఇష్టం లేదు. నాకు ఉద్యోగం కావాలి కనుక వచ్చాను, పాలు మాన్పించడానికి రాలేదు.

అమ్మ పాలు ఛీ అని మాత్రం దానికి నేర్పకండి. ఇంతకన్నా ఏమీ అడగను. నన్ను చూడగానే అది ముఖం తిప్పుకుంటే నేను తట్టుకోలేను.

మావయ్యగారికి నమస్కారాలు. బీపీ మాత్ర మర్చిపోతున్నారేమో చూడండి.

మీ
వినీల


తిరువూరు,
జూలై 13

చిరంజీవి వినీలకు,

ఛీ అని నేర్పలేదు. నేర్పను. నేను చెడ్డదాన్నే గాని అంత చెడ్డదాన్ని కాదు.

నువ్వు కంగారు పడతావని ముందు రాయలేదు. పిల్లకి జ్వరం వచ్చి తగ్గింది. డాక్టరు చూసి ఏమీ లేదు, వైరలే అన్నాడు. "తల్లి దగ్గర లేదాండి?" అని అడిగాడు. ట్రైనింగుకి వెళ్ళిందన్నాను. ఆ మాట నా వెంటే ఇంటికొచ్చింది.

జ్వరం తగ్గాక తిండి మానేసింది. పెరుగన్నం పెడితే నోట్లో దాచుకుంటుంది, మింగదు. ఇంతకు ముందు ఏడ్చేది, ఇప్పుడు ఏడవడం లేదు. మధ్యాహ్నం పూట వెళ్ళి ఆ బీరువాకి వీపు ఆనించి కూర్చుంటుంది. అందులో నీ చీరలున్నాయని దానికి ఎవరూ చెప్పలేదు. "ఇక్కడెందుకు కూర్చున్నావే?" అంటే నా ముఖంలోకి చూసి మళ్ళీ బొమ్మతో ఆడుకుంటుంది.

సలహాలకి కొదవ లేదు. పక్కింటావిడ తాయెత్తు కట్టమంది. రాజ్యం వదిన ఫోన్ చేసి, "అంత కాలం అలవాటు చేస్తే ఇట్టాగే ఉంటది మరి, మొండికేస్తది" అంది. నిజమేననిపించి ఊకొట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం పిల్ల మొండికేసినట్టు నాకు కనబడలేదు. మొండికేస్తే కాళ్ళు నేలకి కొడుతుంది, వస్తువులు విసురుతుంది, నాకు తెలుసు. ఇది వేరేగా ఉంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు రోజులైంది. పైన రాసిందంతా మొన్నటి సంగతి. నిన్నటి నుంచి మధ్యాహ్నం చక్కగా నిద్రపోతోంది. నిన్న లేచాక పప్పన్నం కూడా తింది. ఏం చేశానని అడగకు, ఏదో చేశాను. ఇక ఫర్వాలేదు.

మీ మావయ్య మాత్ర వేసుకుంటున్నారు.

మీ అత్తయ్య


రాజమండ్రి,
జూలై 25

ప్రియమైన అత్తయ్యకి,

జ్వరం సంగతి చదవగానే బ్యాగు తీసి మంచం మీద పెట్టాను. చివరికి తిందని, నిద్రపోతోందని రాశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రోజే బయల్దేరేదాన్ని.

బీరువాకి ఆనుకుని కూర్చోవడం గురించి పదే పదే చదువుతున్నాను. నా కోసమేనా అత్తయ్యా? నా పేరు ఎత్తుతోందా? "అమ్మ" అంటోందా? మీరు అది రాయలేదు. ఏం చేసి నిద్రపుచ్చుతున్నారో కూడా రాయలేదు. కథలు చెప్తున్నారా, చీర ఉయ్యాల కట్టారా? నాకు తెలిస్తే మధ్యాహ్నం ఆ సమయానికి మీ ఇద్దరినీ ఊహించుకుంటాను, అంతే.

ఇక్కడ అలవాటైపోయింది. పరుగులో ఇప్పుడు వెనకబడడం లేదు. నొప్పి పోయింది. నొప్పితో పాటు పాలు కూడా పోతున్నాయి. మొదట్లో గ్లాసు నిండేది, ఇప్పుడు అడుగు తడుస్తోంది. జాస్మిన్ ఇంక వదిలెయ్యమంటోంది, వేళ్ళు నొప్పి పుట్టేదాకా ఎందుకు ఆ కష్టం అంటోంది. ఆపలేకపోతున్నాను.

ఆగస్టులో రెండు రోజులు సెలవిస్తారట. రానా? దాన్ని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను.

మీ
వినీల


తిరువూరు,
ఆగస్టు 5

అమ్మా వినీలా,

ఆగస్టులో రావద్దు. ఇప్పుడిప్పుడే కుదుటపడింది. రెండు రోజుల కోసం వచ్చి మళ్ళీ నువ్వు బస్సెక్కితే మొదటికొస్తుంది. వినాయక చవితికి ఎక్కువ సెలవులిస్తారేమో చూడు, అప్పటికి ఆలోచిద్దాం.

తిండి బాగా తింటోంది. కొంచెం ఒళ్ళు చేసింది. మాటలు ఎక్కువయ్యాయి. మీ మావయ్యని "బసవపున్నయ్యా, రా" అని పేరు పెట్టి పిలుస్తోంది. ఆయన చొక్కా వేసుకుంటూ "వస్తున్నానండి" అంటారు. ఆ ఇద్దరినీ చూస్తే నవ్వొస్తుంది.

నేను శుభకార్యాలకి వెళ్ళడం తగ్గించాను. మొన్న విస్సన్నపేటలో మా తమ్ముడి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి కూడా వెళ్ళలేదు. నలుగురిలో దీన్ని తీసుకుని కూర్చోవడం కష్టం. ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం. చిన్నపిల్ల కదా, దానికి వేళా పాళా తెలియదు.

నిన్నొకటి అడగాలి. అడగొచ్చో లేదో తెలియదు. రెడ్డిగూడెంలో అంతమంది నవ్వుతుంటే నువ్వు ఎందుకు లేచి లోపలికి పోలేదు? అప్పుడు పొగరనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాక కదల్చాలనిపించదా? అందుకేనా?

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. ఊరికే అడిగాను.

అత్తయ్య


రాజమండ్రి,
ఆగస్టు 14

అత్తయ్యగారికి,

రావద్దన్నారు, రాలేదు. నిన్న శశాంక్‌కి ఫోన్ చేశాను. పాపకి వినిపించకుండా పెరట్లోకి వెళ్ళి మాట్లాడమన్నాను. ఆయన చెప్పినవి విన్న తర్వాత ఈ ఉత్తరం మర్యాదగా రాయడం నాకు చేతకావడం లేదు.

పాపని మీరు ఎవరికీ ఇవ్వడం లేదట. ఆయన ఎత్తుకోబోయినా "నిద్ర టైము" అని తీసుకుపోతున్నారట. మధ్యాహ్నం కాగానే గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ వేసుకుంటున్నారట. ఏంటని అడిగితే ఆయన మీద కసిరారట. అది ఎక్కడికెళ్ళినా మీ కొంగే పట్టుకుని తిరుగుతోందట. "అమ్మేది?" అంటే మిమ్మల్ని చూపిస్తోందా అని అడిగాను. ఆయన మాట మార్చారు.

నేను ఒక్కటే అడిగాను మిమ్మల్ని. ఛీ అనిపించొద్దని అడిగాను. మీరు అంతకంటే తెలివైన పని చేశారు. నా చీరలు దాచారు, ఫోటోలు దాచారు, గొంతు వినిపించకుండా చేశారు, ఇప్పుడు చూడడానికి కూడా రావద్దంటున్నారు. నా స్థానంలో మీరు కూర్చున్నారు. నా వల్ల నలుగురిలో నవ్వులపాలయ్యారని నా మీద ఇంత కసి ఉంటుందనుకోలేదు. పైగా ఎందుకు లేవలేదని నన్ను అడుగుతున్నారు. నా బిడ్డ తాగుతోంది కాబట్టి లేవలేదు.

మొన్న పిండితే ఏమీ రాలేదు. ఇంక గ్లాసు కడిగి పెట్టేశాను. మీరు కోరుకున్నది జరిగింది.

చవితికి వస్తున్నాను. వద్దని రాయకండి, రాసినా వస్తాను.

వినీల


తిరువూరు,
ఆగస్టు 20

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు అన్నదాంట్లో ఒక్కటే నిజం. నీ స్థానంలో కూర్చున్నాను. కసితో కాదు. ఎలా కూర్చోవాల్సొచ్చిందో రాస్తాను, చదివాక నన్నేమైనా అను.

జ్వరం తగ్గిన తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తడిగుడ్డతో గచ్చు తుడిచి, కొంగు పరుచుకుని పడుకున్నాను. పిల్ల బీరువా దగ్గర్నుంచి లేచొచ్చి నా పక్కన పడుకుంది. కాసేపటికి నా జాకెట్లో చెయ్యి పెట్టింది. చెయ్యి మీద ఒక్కటిచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ చేతిని తన పొట్ట మీద పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అంత చిన్న పిల్ల అలా తిరగకూడదు వినీలా. పెద్దవాళ్ళు తిరుగుతారు అలా, ఇంక అడిగి లాభం లేదని తెలిశాక.

నేనే దాన్ని ఇటు తిప్పుకున్నాను. హుక్కులు తీశాను.

రెండుసార్లు లాగి, వదిలి, నా ముఖంలోకి చూసింది. "ఏం రావట్లేదే, నాన్నమ్మ దగ్గర పాల్లేవు" అన్నాను. "పర్లేదు" అంది. మళ్ళీ నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. నేను అలాగే పడుకుని ఉన్నాను. కరెంటొచ్చి ఫ్యాను తిరిగినా లేవలేదు, చెయ్యి తిమ్మిరెక్కినా లేవలేదు. లేచాక ఆ పూటే పప్పన్నం తింది. నీకు ఏదో చేశానని రాసింది ఇదే.

అప్పట్నుంచీ ఇదే నడుస్తోంది. అరవై దాటినదాన్ని, మనవరాలికి ఎండు రొమ్ము ఇస్తున్నానని ఎవరికి చెప్పను? అందుకే తలుపు గడియ. అందుకే వ్రతాలు మానేశాను, నలుగురిలో కొంగు లాగుతుందేమోనని. కన్న కొడుకుని కసిరాను, వాడు చూస్తాడేమోనని. మీ మావయ్యకి తెలుసు. ఒకరోజు గడియ వేయడం మర్చిపోతే తలుపు తోసి, చూసి, మళ్ళీ చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయారు. సాయంత్రం ఏమైనా అంటారని చూశాను. "రేపట్నుంచి మధ్యాహ్నం పూట ఎవరొచ్చినా నువ్వు పడుకున్నావని చెప్తాలే" అన్నారు.

పోయిన గురువారం రాజ్యం వదిన వచ్చింది. మీ మావయ్య బజారుకెళ్ళారు, ఆపేవాళ్ళు లేరు. ఆ పూట కూడా గడియ మర్చిపోయాను, తిన్నగా లోపలికొచ్చి చూసింది. "సిగ్గు లేదటే సరోజినీ? కోడలి పాలు మాన్పిస్తానని చెప్పి నువ్వు మొదలెట్టావా? ఆ ఎండు రొమ్ములో ఏముందని?" అంది. నేను కొంగు కప్పుకోబోయాను. పిల్ల ఇంకా పూర్తిగా నిద్రపోలేదు, నా వేలు పట్టుకుంది. ఇంక కప్పుకోలేదు. "ఏమీ లేదు వదినా. ఏమీ లేదని దీనికీ తెలుసు. అయినా వస్తోంది. ఎందుకొస్తోందో నువ్వే చెప్పు" అన్నాను. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది. ఈపాటికి రెడ్డిగూడెం అంతా తెలిసి ఉంటుంది. తెలియనీ.

పాలలో ఏముంది, అలవాటే గాని ఆకలి కాదని నీకు రాశాను. పాలు లేకుండానే ఇంత ఉంటే, పాలున్న నీ దగ్గర దానికి ఎంత ఉండేదో ఇప్పుడు నాకు తెలుస్తోంది.

ఆగస్టులో నిన్ను రావద్దన్నది పిల్ల కోసం కాదు. భయమేసింది. నువ్వొచ్చి చేతులు చాస్తే అది నీ ముందే నా కొంగు లాగితే నీ ముఖం ఎలా చూడను? చవితికి నువ్వు రా. ఆ నాలుగు రోజులూ నేను విస్సన్నపేట మా తమ్ముడింట్లో ఉంటాను. నేను కనబడకపోతే నీ దగ్గరికి వస్తుంది.

నీ అత్తయ్య


రాజమండ్రి,
ఆగస్టు 28

ప్రియమైన అత్తయ్యా,

మీ ఉత్తరం స్నానాల గదిలో గడియ వేసుకుని చదివాను. మనిద్దరికీ గడియలే మిగిలాయి.

అబద్ధం ఎందుకు, మొదట అసూయ కలిగింది. ఇక్కడ పారబోసిన గ్లాసులన్నీ గుర్తొచ్చాయి. పాలు నా దగ్గర, పాప మీ దగ్గర, మధ్యలో ఇంత దూరం. బాగా ఏడ్చాను. ఆ తర్వాత దాని "పర్లేదు" దగ్గరికొచ్చి ఆగిపోయాను. దానికి జ్వరం తగ్గి, తిండి సయించని రోజుల్లో తిప్పుకోవడానికి ఒకరు పక్కన ఉన్నారు. లేకపోతే అది ఇంకా గోడ వైపే తిరిగి ఉండేది. మిమ్మల్ని అన్న మాటలకి నాకు సిగ్గుగా ఉంది.

విస్సన్నపేట వెళ్ళొద్దు. ఒకసారి నేను మాయమయ్యాను, ఇప్పుడు మీరు మాయమైతే, తన పక్కన పడుకున్నవాళ్ళెవరూ మిగలరని అనుకుంటుంది. బీరువా తాళం తియ్యండి. నా ఫోటో దానికి అందేచోట పెట్టండి. అమ్మ రాజమండ్రిలో ఉంది, పండక్కి వస్తుందని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

మీరు ఇస్తున్నది ఆపకండి. నా కోసం అసలు ఆపకండి. నాకు ఎండిపోయాయి. వచ్చాక అది నా దగ్గరికొస్తే సంతోషం, మీ దగ్గరికొస్తే పక్కనే కూర్చుని చూస్తాను. నేనలా చూడగలనని చెప్పలేను గాని, చూస్తాను.

రెడ్డిగూడెంలో ఎందుకు లేవలేదని అడిగారు కదా. మీరు కరెంటొచ్చినా ఎందుకు లేవలేదో, నేనూ అందుకే.

మీ
వినీల


తిరువూరు,
సెప్టెంబరు 21

నా తల్లి వినీలకు,

క్షేమంగా చేరావని శశాంక్ చెప్పాడు. ఈ నాలుగు రోజులూ నువ్వు ఇంట్లోనే ఉన్నా, నేను చూసిందంతా నీకు తెలియదు. నువ్వు పిల్లని చూస్తున్నావు, నేను మీ ఇద్దర్నీ చూస్తున్నాను.

నువ్వు గేటు తీసుకుని వచ్చినప్పుడు అది నా కాళ్ళ వెనక దాక్కుని, నీ ఖాకీ బ్యాగు చూసి, నీ ముఖం చూసి, "ఫోటోలో అమ్మ" అంది. నువ్వు నవ్వావు గాని బ్యాగు కింద పెట్టడం మర్చిపోయావు. మొదటి రోజంతా దూరంగానే తిరిగింది. నువ్వు పిలవలేదు, చెయ్యి చాచలేదు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నావు. నీకున్న ఓపిక నాకు లేదు. దాన్ని తీసుకొచ్చి నీ ఒళ్ళో పడేద్దామనిపించింది.

రెండో రోజు అదే వచ్చింది. వసారాలో, పట్టపగలు, గేటు బార్లా తీసి ఉండగా. "లేవేమోరా" అన్నావు నువ్వు. అది వినిపించుకోలేదు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి తల ఎత్తి "వచ్చాయి" అని అరిచింది. వీధిలో కూరల బండి అతను కూడా ఇటు తిరిగాడు. మీ మావయ్య అతనికి డబ్బులిచ్చి, కూరలు తీసుకోకుండానే లోపలికొచ్చేశారు. కళ్ళు తుడుచుకుంటున్నారు. నువ్వు చూడలేదు, నీ తల దాని మీద వంచి ఉంది.

ఆ తర్వాత నువ్వున్నన్నాళ్ళూ అది నా వైపు చూడలేదు. సంతోషించాను. నిజంగా సంతోషించాను. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి నాకు ఏం చెయ్యాలో తోచేది కాదు. ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టేదాన్ని.

నువ్వు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం గచ్చు తుడిచి పడుకున్నాను. తలుపు వేయలేదు. దాన్ని పిలవనూ లేదు. కొంగు మాత్రం సర్దుకోలేదు. ఈ వయసులో నా బుద్ధి చూడు. కాసేపటికి వచ్చింది. పక్కన గొంతుక్కూర్చుని చూసింది. నా కొంగు తనే లాగి కప్పి, పైన చెయ్యి వేసి తట్టింది. "నాన్నమ్మవి అయిపోయాయి. అమ్మ తెస్తుంది" అని చెప్పి, మీ మావయ్యని పేరు పెట్టి పిలుచుకుంటూ తోటకెళ్ళడానికి పోయింది.

అయిపోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదా. తెలిసి కూడా ఆ మాట దాని నోట విని అక్కడే పడుకుని ఏడ్చాను. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ నవ్వలేదు. దీనికి మాన్పిద్దామని మొదలుపెట్టినదాన్ని, నాకే మాన్పించేసి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నవంబరులో ట్రైనింగు అవగానే వచ్చేయి. అది ఎన్నాళ్ళు అడిగితే అన్నాళ్ళు ఇవ్వు, ఎక్కడ అడిగితే అక్కడ ఇవ్వు. ఎవరికైనా అడగాలనిపిస్తే నన్ను అడగమను. ఫోటో దాని దిండు కిందే ఉంది, రోజూ నీ పేరు చెప్పి పడుకోబెడుతున్నాను. నేను మాత్రం మధ్యాహ్నం పూట ఇంకొన్నాళ్ళు ఇలాగే గచ్చు మీద తలుపు తీసి పడుకుంటానేమో. శశాంక్‌కి చెప్పకు.

నీ
సరోజిని